తలుపు సందులో నా ఇంజనీరింగు

ఆ రోజుల్లో మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన ప్రతి కుర్రాడికీ లోకంలో ఏ బోల్టు ఎంత బిగించాలో తనకొక్కడికే తెలుసన్న నమ్మకం ఉండేది. నాకు మరికాస్త ఎక్కువే ఉండేది, ఎందుకంటే నాది ఫస్టు క్లాసు. (మా బ్యాచిలో ఫస్టు క్లాసు రానివాళ్ళు ముగ్గురే అన్న సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.) చొక్కా జేబులో పెన్నుకు బదులు ఫీలర్ గేజీ పెట్టుకుని బందరు వీధుల్లో తిరిగేవాణ్ణి. అదేం బ్రహ్మాండం కాదు, విసనకర్రలా విచ్చుకునే ఉక్కు రేకుల కట్ట. సందులోకి రేకులు దూర్చి ఆ సందు ఎంతుందో చెప్పొచ్చు. ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురైతే ముందు ఆ గేజీ లాక్కుని, తర్వాత మాట్లాడతాను.

మా కష్టాలన్నిటికీ మూలం మా నాన్న. హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఇనప బీరువా కొనుక్కొస్తానని గుడివాడ వెళ్ళిన మనిషి, ఓ రైసుమిల్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుంటున్న పాత కారు కొనుక్కొచ్చారు. రెండే తలుపులు, పైన కప్పు లేదు. వాన వస్తే వేసుకోవడానికి ఒక గుడ్డ టాపు ఉండేదట, దాన్ని మిల్లులో ఎలుకలు ఎప్పుడో తినేశాయి. గుడివాడ నుంచి వస్తుంటే పెడన దాటేలోపు రెండుసార్లు ఎడమ తలుపు తనంతట తనే తెరుచుకుంది. బీరువా ఏదని అమ్మ అడిగితే నాన్న బానెట్టు ఎత్తి ఇంజను చూపించారు. మా అక్క మాత్రం ఆ రోజే వెనక సీట్లో ఎక్కి కూర్చుని, "నా పెళ్ళికి చర్చికి దీన్లోనే వెళ్తాను" అంది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళు వచ్చి పెళ్ళి కుదిరినప్పుడు కూడా అదే మాట అంది.

నాన్న ఒప్పుకోలేదు. పెళ్ళి మా నాన్న పుట్టిన ఊళ్ళో, అవనిగడ్డ అవతల. బందరు నుంచి దివిసీమలోకి గంటన్నర ప్రయాణం. "చల్లపల్లి దగ్గర తలుపు ఊడి పెళ్ళికూతురు రోడ్డు మీద పడితే ఎవడే జవాబు చెప్పేది?" అన్నారు. అక్క నావైపు చూసింది. "తమ్ముడు బాగుచేస్తాడు నాన్నా. చదువుకున్నాడు కదా" అంది. అంతే, నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. దారిలో తలుపు తెరుచుకోకుండా చేసే పూచీ నాదని అక్కకి మాటిచ్చేశాను. అక్క నన్ను అంతగా నమ్మడం అదే మొదటిసారి, ఆ మాట పోగొట్టుకోవడం కంటే కృష్ణలో దూకడం నయమనిపించింది.

టింకరింగు పని రేకుల భాయిది. ఊళ్ళో ఏ కారుకి సొట్టపడ్డా ఆయన షెడ్డుకే వెళ్ళాలి. అరవై దాటిన మనిషి, తెల్లగడ్డం, మాటకు ముందు చిన్న దగ్గు. సందు కొలవడానికి ఆయన వాడేది బీడీ. తలుపు అంచు వెంట పైనుంచి కిందికి బీడీ నలగకుండా జారితే సరిపోయినట్టు. నేను గేజీ విప్పి చూపిస్తే, "బాగుంది బాబూ, గాలాడుతుందా?" అని అడిగారు. అక్కడే నాకు మండింది.

అసలు మంట ఆ తర్వాత మొదలైంది. తలుపు బందుల వెనక పల్చటి రేకు ముక్కలు పెట్టి తలుపుని జరపాలి, వాటిని ప్యాకింగు అంటారు. కుడి తలుపు కింద సందు సరిచేస్తే పైన మూసుకుపోయేది. పైన సరిచేస్తే లాకు పడేది కాదు. లాకు పడేలా చేస్తే, ఎవరూ ముట్టుకోని ఎడమ తలుపు అలిగి అర అంగుళం కిందికి దిగేది. వారం రోజులు ఇదే వరస. తల ప్రాణం తోకకొచ్చింది. ఇది చాలదన్నట్టు రోజూ ఉదయం తొమ్మిదింటికి భాయి నేస్తాలు నలుగురు వచ్చి తిన్నగా ఆ కారెక్కి కూర్చునేవాళ్ళు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. వాళ్ళలో పెద్ద, రిటైరైన ఆర్టీసీ కండక్టరు. అందరం ఆయన్ని కండక్టరు బాబాయి అనేవాళ్ళం. టీ తాగుతూ ప్రభుత్వాలు పడగొట్టి నిలబెట్టేవాళ్ళు. మా అక్క పెళ్ళి సీట్ల మీద టీ మరకలు! భాయి మాత్రం వాళ్ళని ఏమీ అనకుండా, వాళ్ళ మోకాళ్ళ పక్కనుంచే తలుపు తీస్తూ వేస్తూ పని చేసుకునేవారు.

"భాయ్, వీళ్ళని దిగమనండి. పని జరిగే చోట ఈ సంతేంటి?" అన్నాను ఒకరోజు.

"ఉండనీయండి బాబూ. వాళ్ళూ పనిలోనే ఉన్నారు" అన్నారు భాయి.

కండక్టరు బాబాయి గ్లాసు పైకెత్తి, "డ్యూటీలో ఉన్నామయ్యా!" అన్నాడు. నలుగురూ నవ్వారు. వెక్కిరింపనుకున్నాను. ఫస్టు క్లాసు వాడికి వెక్కిరింపు తప్ప ఇంకేమీ వినపడదు కదా.

పెళ్ళి మూడు రోజులుందనగా భాయి చుట్టాలింట్లో ఏదో అవసరమొచ్చి గుడివాడ వెళ్ళారు. వెళ్తూ, "ఎడమ తలుపు కొంచెం ఉంది బాబూ. ముట్టుకోకండి, నేనొచ్చి చూసుకుంటాను" అన్నారు. ఆయన వెళ్ళిన పావుగంటకి నేను ముట్టుకున్నాను. ముందుగా నలుగురినీ కిందికి దింపేశాను. "పెద్దవాళ్ళం, నుంచుని టీ తాగాలా బాబూ?" అని కండక్టరు బాబాయి గొణిగాడు. రెండు రోజులు ఒంటరిగా, ప్రశాంతంగా, ఖాళీ కారు చుట్టూ తిరుగుతూ గేజీతో కొలిచి ప్యాకింగులు మార్చాను. రెండు తలుపులకీ పైనా కిందా నాలుగంటే నాలుగు మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి గీసినట్టు. వేలితో తోస్తే లాకు పడేది. పెళ్ళి ముందురోజుకీ భాయి గుడివాడ నుంచి రాలేదు, నాన్నని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఫర్వాలేదే" అన్నారు. మా నాన్న నోట ఆ మాట రావడం అంటే ఇంట్లో పండగ.

పెళ్ళిరోజు వెనక సీట్లో అక్క మధ్యన కూర్చుంది, తెల్ల పట్టుచీర, తలమీద ముసుగు. అటు పెద్దమ్మ, ఇటు చిన్నమ్మ. (మా పెద్దమ్మ మనసూ మనిషీ రెండూ పెద్దవే.) ముందు నాన్న, స్టీరింగు దగ్గర నేను. తలుపులు వేస్తే పడలేదు. బయటనుంచి ఇద్దరు బావలు భుజాలు ఆనించి నెడితే ధబ్బుమని పడ్డాయి. "చూశారా ఎంత టైటో!" అన్నాను గర్వంగా. దారిపొడవునా గుంతల్లో పడినా, మోపిదేవి మలుపుల్లో ఊగినా తలుపు కిక్కురుమంటే ఒట్టు. అద్దంలో అక్క ముఖం వెలిగిపోతోంది.

చర్చి ముందు కారాపాను. లోపల కీబోర్డు మోగింది, కొయిర్ వాళ్ళు పాట ఎత్తుకున్నారు, గుమ్మంలో పాస్టరు గారు బైబిలుతో నిలబడ్డారు. నేను లాకు లాగాను. తలుపు రాలేదు. భుజంతో గుద్దాను. రాలేదు. నాన్న తన వైపు లాగారు. అదీ రాలేదు. పెళ్ళికొడుకు తరపు పెద్దమనిషి ఒకాయన బయటనుంచి సాయం పట్టి లాగితే పిడి ఊడి ఆయన చేతిలోకొచ్చింది. ఆయన దాన్ని ఎవరికివ్వాలో తెలియక నాన్నకే ఇచ్చారు. పాట అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

"తలుపు తీయరా" అన్నారు నాన్న, పెదవులు కదపకుండా.

"తీస్తున్నాను నాన్నా."

"ఇది తలుపా, గోడా?"

పాట మూడోసారి మొదలైంది. నా చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. చిన్నమ్మ దేవుణ్ణి తలుచుకుంటోంది. అక్కకి ఇచ్చిన మాట ఇలా తగలడిందే అని నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

అప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి పడింది. అక్క సీటు మీద నిలబడింది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "ఎవరైనా ఒక కుర్చీ పట్రండి" అంది. చర్చిలోంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఒక కాలు కారు అంచు దాటించి, బరువంతా నా భుజం మీద మోపి, నాన్నవైపు తిరిగింది. "వాణ్ణేం అనకండి నాన్నా. దారిలో తెరుచుకోకుండా చేస్తానన్నాడు, చేశాడు" అని, దిగిపోయింది. కొయిర్‌లో ఎవరో నవ్వు ఆపుకోలేక పాట తప్పారు. అక్క వెనకే చిన్నమ్మ, తర్వాత నలుగురి సాయంతో పెద్దమ్మ దిగారు.

పెద్దమ్మ కాలు నేలకి ఆనిందో లేదో, కారు నడుము ఎత్తినట్టు పైకి లేచింది. నేనింకా తలుపుకి భుజం ఆనించి లాకు లాగుతూనే ఉన్నాను. టక్కున తెరుచుకుంది. తలుపుతో పాటు నేనూ వెళ్ళి పాస్టరు గారి బూట్ల ముందు బోర్లా పడ్డాను. నాన్న తన తలుపు వేలితో తోసి, హుందాగా దిగి, చొక్కా సర్దుకున్నారు. సైన్సు మాస్టారు కదా, క్షణంలో అర్థమైపోయింది. "మనుషులు లేని కారుకి కొలతలు తీశావట్రా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అక్క చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. తిరుగు ప్రయాణంలో ఎవరూ అడక్కుండానే పెద్దమ్మ బస్సెక్కింది.

సోమవారం తల వంచుకుని షెడ్డుకి వెళ్ళాను. సంగతంతా భాయికి అప్పటికే చేరింది. బందరులో అలాంటి వార్తకి కారు అక్కర్లేదు. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. చిన్నగా దగ్గి, "పైకప్పు లేని బండి బాబూ ఇది. నవారు మంచం లాంటిది. మనిషి కూర్చుంటే నడుం దిగుతుంది, పైన సందు మూసుకుంటుంది. అలా దిగి ఉన్నప్పుడే తలుపు చూసుకోవాలి. అందుకే వాళ్ళని కూర్చోబెడతాను" అన్నారు. వారం రోజులు నా కళ్ళ ముందే నలుగురు డ్యూటీ చేశారన్నమాట. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. "మీరు అడగలేదు కదా బాబూ" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు కండక్టరు బాబాయికి ఒంట్లో బాగోక రాలేదు. భాయి వెనక సీటు చూపించి, "కూర్చోండి, ఒక మనిషి తక్కువయ్యాడు" అని నా చేతికి టీ గ్లాసు ఇచ్చారు. ఎక్కి కూర్చున్నాను. ఆయన వంగి సందులోకి చూసి, పెదవి విరిచి, లోపలికి వెళ్ళి రెండు సిమెంటు ఇటుకలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అప్పట్లో నేను యాభై రెండు కిలోలు. గంటన్నరసేపు కదలకుండా, నోరెత్తకుండా కూర్చున్నాను. నా చదువంతా కలిపి ఆ కారుకి నేను చేసిన అసలైన ఉపకారం అదొక్కటే.

భాయి పోయి ఆరేళ్ళవుతోంది. నేనిప్పుడు ఎనభై ఆరు కిలోలు. డాక్టరు గారు నన్ను చూసినప్పుడల్లా విసుక్కుంటారు గానీ, భాయి ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో!