ఎడారి పాటలో మా పెద్దమ్మ గొంతు

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద నాలుగు ఫొటోలు దిగి, నా చిన్ననాటి స్నేహితుడు ఎడారి మీద ఆల్బమ్ చేశాడు. వాడు అసలు ఎడారి మొహం చూసినవాడు కాదు. తప్పెటగుళ్ల దరువు, ర్యాప్, కీబోర్డు అన్నీ కలిపి కొట్టాడు. బాగుంది, కాదనను. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

ముందుగా నెట్‌లో వదిలితే అందరూ మెచ్చుకున్న పాట మధ్యలో వచ్చే ఆడగొంతు మా పెద్దమ్మది. ఆవిడ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే చేపల వేలం వేస్తుంది. గంప అమ్ముడవగానే 'అయిపోనాదీ' అని గొంతెత్తి అరుస్తుంది. ఆ అరుపు వినగానే కొన్నవాళ్లు లేచి గంప ఎత్తుకోవాలి, లేకపోతే తిట్లు. దాన్ని నేనే ఫోన్‌లో రికార్డు చేసి వాడికిచ్చాను. వాడు సాగదీసి పాటలో పెట్టుకుని, దాని కింద ఎవరో ఎడారి తెగ ఆడవాళ్ల దాహపు పిలుపని రాసుకున్నాడు.

అడిగితే నవ్వాడు. "ఎవులికి తెలుస్తాది బావా? ఎడారి పాటకి సేపలోళ్ల పేరేటి?"

ఆ మాట మింగుడుపడలేదు. నెల రోజులు పళ్లు నూరుకున్నాను. రుషికొండలో ఆల్బమ్ విడుదల చేసే సాయంత్రం పెద్దమ్మనీ, రోజూ ఆవిడ దగ్గర కొనే ఆరుగురు ఆడవాళ్లనీ రెండు ఆటోల్లో తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు.

పాట మొదలైంది. ఆ గొంతు వచ్చింది. ఎంత సాగదీసినా రోజూ వినే చెవులు కదా, ఆరుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒకామె గంప కోసం కిందకి చెయ్యి కూడా చాపింది. వెనక జనం గొల్లుమన్నారు.

"ఓలమ్మ, ఇది నీ గొంతే కదేటక్కా!" అని పెద్దమ్మ వైపు తిరిగి అరిచిందామె.

వేదిక మీద వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నా కడుపు చల్లబడింది.

పాట ఆపి దిగొచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకున్నాడు. "తప్పైపోనాది పెద్దమ్మా. రేపే నీ పేరు ఏయించేత్తాను."

నాకు కావలసిందీ అదే. గెలిచాననుకున్నాను. ఆవిడ చెయ్యి విదిలించుకుంది.

"పేరెవులడిగారు? నా గొంతు పాటలోంచి తీసీ. పెట్టేముందు నన్నడిగినావా?" అని, నా వైపు తిరిగింది. "నువ్వడిగినావేటిరా?"

వాడు తీసేశాడు. ఇప్పుడక్కడ ఒట్టి దరువే మోగుతుంది, పాట చచ్చింది. విన్నప్పుడల్లా నాకు సంతోషమే. కానీ నా ఫోన్‌లో ఉన్న ఆ అరుపుని ఆవిడ ఆ సాయంత్రమే, ఆ ఆరుగురి ముందే, నా చేతే చెరిపించింది.