వల తొక్కని ఆట

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఆమదాలవలస స్టేషన్ ఎదుట నా సెల్‌ఫోన్ కొట్లో ఎవరిదో మెమరీ కార్డులో పాటలు ఎక్కిస్తున్నాను. హైదరాబాద్‌లో అతనితో ఒకే గదిలో ఉండే స్నేహితుడు ఫోన్ చేశాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట, గుండె ఆగిపోయిందట. "ఏ బావ?" అని అడిగాను. నాకున్నది ఒక్కడే బావ, మా మేనత్త కొడుకు. అయినా అలాగే అడిగాను.

మీలో చాలామందికి అతను తెలీదు. సాహసాల వీడియో ఆటలు తయారుచేసేవాడు. కాల్చుకోవడం, నరుక్కోవడం ఉండే ఆటలు కావు. ఒక మనిషి ఊరు కాని ఊళ్లో పడతాడు, తాళంచెవి వెతుక్కుంటాడు, వాళ్లనీ వీళ్లనీ అడిగి దారి కనిపెడతాడు. ఆ తాళంచెవి ఎక్కడ దాచాలో, ఆ అడిగినవాళ్లు ఏం చెప్పాలో ఆలోచించడమే బావ ఉద్యోగం. "ఇదీ ఒక ఉద్యోగమేట్రా!" అని మా నాన్న నోరెళ్లబెట్టాడు.

శ్రీకూర్మం అవతల పల్లెలో, సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలుసు. బావ చిన్నప్పుడే వాళ్ల నాన్న, మా మావ, వేటకెళ్లి తిరిగిరాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. అత్త బొట్టు తియ్యలేదు. "సూసినోళ్లెవులు? సూడకుండా ఎలా తీస్తాను?" అని ఊరి నోరు మూయించింది. ఆ ఇంట్లో పెరిగినవాడు వెతుక్కునే ఆటలు కాక ఇంకేం తయారుచేస్తాడు?

కంపెనీలో పరాయివాళ్ల కథలకి తాళాలు పెట్టి పెట్టి విసిగిపోయి, ఉద్యోగం మానేసి సొంత ఆట మొదలెట్టాడు. అందులో ఒక పల్లె పిల్ల, వేటకెళ్లి రాని తండ్రిని వెతుక్కుంటూ పడవెక్కుతుంది. ఆటలో గొంతులన్నీ బావవే, ముసలమ్మలతో సహా. వింటే పొట్ట చెక్కలే. సగం అయ్యాక నాకు పంపాడు. "ఒసే, మనోళ్ల ఫోన్లలో ఎక్కించి సూడు, ఏటంటారో సెప్పు" అన్నాడు.

ఏటంటారు? ఆట పాడైపోయిందని అందరూ నా కొట్టు మీద పడ్డారు. అందరూ ఒక్కచోటే ఆగిపోయారు. ఇసకలో వల పరిచి ఉంటుంది, దాని అవతల పడవ. ఆ పిల్ల ఇంక ముందుకి కదల్లేదు. ఫోన్లో బావని చెడామడా తిట్టాను. మర్నాడే రైలు దిగాడు పాపం.

అత్త చేతికి ఫోనిచ్చి పక్కన కూర్చున్నాడు. అత్త ఆ పిల్లని వల చుట్టూ తిప్పుతోంది, తిప్పుతోంది. నాకు నవ్వొచ్చింది. బావ కసిరాడు. "ఇరుక్కున్నోళ్లని సూసి నవ్వకూడదే. దారి ఎయ్యడం సేతకానోడిది తప్పు." అతనెప్పుడూ అనే మాటే అది.

"అమ్మా, వల మీంచి నడిపించీయే. అదే దారి."

అత్త చూసిన చూపు నేను మర్చిపోలేను. "వల తొక్కిస్తావేట్రా? మనకి తిండెట్టే వలని! బుద్ధి ఉన్నాదా నీకు?"

వలల మధ్య పాకి పెరిగిన మనిషి, చెవులదాకా ఎర్రబడ్డాడు. వెంటనే వెళ్లి అంతా మార్చేశాడు. ఆ పిల్ల వంగి, వలని మడతపెట్టి భుజాన వేసుకుంటేనే పడవెక్కగలదు. మా పల్లెవాళ్లు ఎవరూ మళ్లీ అక్కడ ఆగలేదు.

ఇంక మిగిలింది ముగింపు. వాకిట్లో అత్త ఎండుచేపలు ఏరుతుంటే అడిగాడు.

"అమ్మా, ఆ పిల్లకి నాన్న దొరకాలా?"

"దొరికితే ఏటవుద్ది?"

"ఆట అయిపోద్ది."

"దొరక్కపోతే?"

"అప్పుడూ అయిపోద్ది."

"అయిపోకుండా సెయ్యలేవేట్రా? ఇంత సదివేవు!"

ముగింపు అలాగే వదిలేసి బావ హైదరాబాద్ వెళ్లిపోయాడు. తండ్రి దొరికినట్టు చూపిస్తే ఆట కొనుక్కుంటామని ఒక కంపెనీవాళ్లు ముందుకొచ్చినా ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "తొందరపడకే" అన్నాడు, అంతే.

కర్మకాండలయ్యాక అతని స్నేహితుడు బావ ఫోన్ తెచ్చిచ్చాడు. ఆట పూర్తయిందట. అత్త చేతిలో పెట్టాను. వలని మడతపెట్టింది, పడవెక్కింది, ఎక్కడెక్కడో తిరిగి చివరికి మళ్లీ మన ఒడ్డుకే చేరింది. దూరంగా సముద్రంలో ఒక పడవ, అందులో చిన్న దీపం. అక్కణ్ణించి కేక. మార్చిన గొంతు కాదు, అచ్చంగా బావ గొంతు.

"అమ్మా, వచ్చేస్తన్నాం, బువ్వెట్టు!"

నాకు ఏడుపు ఆగలేదు. కింద రాసి ఉన్నది అత్తకి చదివి చెప్పాను. "ముట్టుకుంటే పడవ ఒడ్డుకొస్తాది అత్తా, ఆట అయిపోద్ది. ముట్టుకోకపోతే అలా పిలుస్తానే ఉంటాది."

అత్త ముట్టుకోలేదు. ఫోన్ని పదిలంగా గోడకి ఆనించి నిలబెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి ఎసరు పెట్టింది. వెనకనుంచి బావ పిలుస్తూనే ఉన్నాడు. అత్త బియ్యం కడుగుతోంది. ఒక్క మనిషికి సరిపడే బియ్యం కాదవి.