ప్రతివాది దేవకమ్మ

మర్రిపాడు నుంచి ఆత్మకూరు వెళ్లే పొద్దుటి బస్సులో, వాయిదా ఉన్న రోజున దేవకమ్మ తప్పక కనిపిస్తుంది. అరవై దాటిన మనిషి. కాళ్లకు టైరు చెప్పులు, ఒళ్లో సద్దిమూట. కొంగుకు పట్టిన పల్లేరుకాయల్ని ఒక్కొక్కటే ఏరి కిటికీలోంచి పడేస్తూ, దారిలో పచ్చిక కనిపిస్తే మెడ సాచి చూస్తుంది. నలభై ఏళ్లు గొర్రెల్ని కాసిన కళ్లవి. ఊరందరి మేతబీడుకు ఓ ఆసామి కంచె వేసుకున్నప్పుడు, కేసు వేద్దామని కదిలింది ఈమె ఒక్కతే. ప్లీడరు మాధవి, "ఆ బీడు ఊరుమ్మడిది అవ్వా. నీ ఒక్కదాని పేరుతో ఏస్తే నిలవదు. ఊరంతా కలిసి రావాల" అంది. దేవకమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "ఆయనతో మనకెందుకు పెద్దమ్మా" అని ప్రతివాడూ తప్పుకున్నాడు. గొర్రెలకేం తెలుసు కంచె సంగతి? సందు చూసుకుని దూరి, ఎప్పటి గడ్డే మేశాయి. నెల తిరగకుండా ఆమెకు కోర్టు నోటీసు వచ్చింది. ఆ కాగితంలో బీడు ఆసామి సొంత భూమి అయిపోయింది, దేవకమ్మ దౌర్జన్యంగా మందను తోలిన ప్రతివాది అయిపోయింది.

మొన్నటి వాయిదాకు బంట్రోతు ఇంటిపేరుతో సహా మూడుసార్లు పిలిచాడు. ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్లి నిలబడింది. ఏమన్నా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడిగారు.

"నేను కేసెయ్యాలంటే ఊరంతా రావాలన్నారు గదా సామీ," అంది దేవకమ్మ. "నామీద ఎయ్యటానికి నేనొక్కదాన్నే ఎట్టా సాలినాను?"