అత్త విప్పిన పలుపులు

మొన్న ఆదివారం మా మనవరాలు కాలేజీ వాళ్లిచ్చిన కాగితం ఒకటి పట్టుకొచ్చి నా ఎదుట కూర్చుంది. పర్యావరణానికి సంబంధించిన మాటలు వరసగా రాసి, పక్కన విన్నారా, లేదా అని రెండు గళ్లు గీసి ఉన్నాయి. పెద్దవాళ్లని అడిగి టిక్కు పెట్టుకు రావాలట. భూతాపం, కర్బన ఉద్గారాలు, జీవవైవిధ్యం అంటూ అది చదువుతుంటే, ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన నేను సగానికి పైగా తడబడ్డాను. వాయుగుండం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ మాట మీ అమ్మ పుట్టకముందే నల్లబల్ల మీద రాశానే అని గొప్పగా చెప్పి, టిక్కు పెట్టించాను. పెట్టించాక మా మేనత్త గుర్తొచ్చి, ఆవిడ సంగతి దానికి చెప్పడం మొదలుపెట్టాను.

అరవైల చివర్లో నాకు మొదటి ఉద్యోగం శ్రీకూర్మం అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో వచ్చింది. మేనత్త ఇల్లు ఆ ఊళ్లోనే కాబట్టి మా నాన్న నన్ను ఆవిడకి అప్పగించి నిశ్చింతగా వెళ్లిపోయాడు. అత్తకి అక్షరం ముక్క రాదు. మావయ్య పోయాక మూడెకరాల వరి, నాలుగు పశువులు ఒంటి చేత్తో నెట్టుకొస్తోంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. అత్త కొత్తకోడలిగా వచ్చిన ఏడు పెద్ద తుపాను వచ్చి, తెల్లారి చూస్తే ఊరి పశువులన్నీ మెడలో పలుపులతో గుంజల దగ్గరే చచ్చి పడి ఉన్నాయట. మనుషులు చెట్టో గట్టో పట్టుకుని బతికారు గానీ, కట్టేసిన నోరులేని జీవాలు ఎటు పోతాయి? అప్పటినుంచి తుపాను ఆనవాలు కనిపిస్తే పలుపులు విప్పేసి పశువుల్ని వదిలెయ్యాలనీ, ఆ రోజు ఎవరి పశువు ఎవరి చేలో మేసినా తగవు పెట్టకూడదనీ, బందెలదొడ్డికి తోలకూడదనీ పెద్దలు తీర్మానించారు. తూర్పు కొసన ఉన్నది అత్త ఇల్లు గనక, ముందు ఆవిడ విప్పితేనే మిగతావాళ్లు విప్పేవారు. కంకి గింజపోసుకున్న రోజుల్లో ఆవిడ అంచనా తప్పయితే, ఊరి పంట తినిపించిన పాపం ఆవిడదే.

మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, సాయంత్రం పంచాయతీ అరుగు మీద రేడియో పెడితే ఊరంతా చేరి వార్తలు వినేవాళ్లం. ఆ కార్తీకంలో ఒక శనివారం వాయుగుండం ఒరిస్సా వైపు సాగిపోతుందని చెప్పారు. నేను అది విని, అందరికీ అర్థమయ్యేలా విడమరిచి చెప్పి, మహా పండితురాలినైనట్టు ఇంటికొచ్చాను. తెల్లారి లేచేసరికి అత్త పెరట్లో నిలబడి సముద్రం ఘోష వింటోంది. రోజూ ఆగి ఆగి వినపడేది ఆ వేళ ఊపిరి తీసుకోకుండా ఒకటే హోరు. కాలవలో పీతలు గట్టెక్కి మా పెరట్లోకి పాకుతున్నాయి. రేడియోలో చెప్పింది నేను మళ్లీ గుర్తు చేశాను.

“ఒసే పిల్లా, ఒరిస్సా ఎంత దూరవేటి? ఇప్పేస్తన్నాను,” అంది.

నలుగురి పంటకి పూచీ పడవలసిన పని అయినా, ఎవరినీ సలహా అడగలేదు. ఒక్కొక్క పశువు నుదుట పసుపు రాసి, పలుపు తీసేసి, వెళ్లి బతికి రండమ్మా అని సాగనంపింది. కాసేపటికి వీధంతా గిట్టల చప్పుడే.

ఆ తరవాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా నల్లావు నిండు చూలుతో ఉంది. పొలంగట్టు మీద ముసురులో తడుస్తూ వణుకుతుంటే చూడలేక, ఎలాగూ తుపాను రాదన్న ధీమాతో, అత్త విత్తనాల ధాన్యం అటకెక్కిస్తున్న సమయంలో దాన్ని తోలుకొచ్చి పశువుల సాలలో కట్టేశాను. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. తాటిచెట్లు నేలకి వంగిపోతుంటే సాలలోంచి ఆవు అరుపు వినపడింది. అత్త నా మొహం చూసింది, అంతే, కొడవలి అందుకుని గాలిలోకి దూకింది. ఆవిడ కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. తడిసిన ముడి ఊడి రాకపోతే పలుపు కోసి, ఆవు వీపు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. అది పరిగెత్తింది. మేం గుమ్మం ఎక్కీ ఎక్కకముందే సాల పైకప్పు కుప్పకూలింది.

పంట పోయింది. ఊళ్లో పశువులు మాత్రం ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మూడోనాడు పొద్దున్న మా నల్లావు, మెడలో తెగిన పలుపుముక్కతో, వెనక తడబడే దూడతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను బావురుమన్నాను. “ఊరుకోవే. నీ రేడియో మంచిదే గానీ, మనావు ఎక్కడ కట్టేసున్నాదో దానికేటి తెలుస్తాది?” అంది అత్త. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పైగా మర్నాటి నుంచి తనూ సాయంత్రాలు రేడియో దగ్గరికి వచ్చి, ఆ మాటేటో మళ్లీ సెప్పు అని నా చేత వాయుగుండం పలికించుకుని నేర్చుకుంది. అంతటి మనిషి.

పోయిన తుపానుకి విజయనగరంలో మా అపార్ట్‌మెంట్లో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. అది తీరం ఎక్కడ దాటుతుందో, ఎంత వేగంతో వస్తుందో చిన్నపిల్లలు కూడా గడగడా చెప్పారు, ముచ్చటేసింది. తలుపులు బిగించుకున్నాం. కింద సెల్లారులో పక్కింటివాళ్ల కుక్క గొలుసుతో కట్టేసి ఉంది. నీళ్లు నిండుతుంటే పాతపట్నం నుంచి వచ్చిన వాచ్‌మన్ భార్య మోకాలి లోతులో దిగి, గొలుసు విప్పి దాన్ని పైకి తీసుకొచ్చింది. తడిసిన కుక్క మా గుమ్మం ముందు ఒళ్లు విదిలించుకునేదాకా అది కింద కట్టేసి ఉందని నాకు గుర్తే రాలేదు. అత్త చేతి కింద బతికినదాన్ని, నాకే గుర్తు రాలేదు.

ఇదంతా విని మనవరాలు మళ్లీ కలం పట్టుకుని, కాగితంలో తరవాతి మాట వెతుక్కోబోయింది. వాయుగుండం ఎదురుగా ఇందాక పెట్టించిన టిక్కు చూపించి, అది నేను విన్నట్టు కాదులే అని, కొట్టెయ్యమన్నాను.