మైకు భయ నివారణార్థం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, నా తెలివి మీద అంతకు రెండింతలు. పదో ఏటికే గీత మొత్తం కంఠస్థం (అర్థం అడిగితే మాత్రం మాట మార్చేదాన్ని). ప్రతి శనివారం ఫిల్మ్ నగర్‌లోని ఓ చిన్న గుడిలో సహస్రనామ పారాయణ చెప్పించేది నేనే. మైకు నా చేతికొస్తే ఎవరైనా లాక్కోవాల్సిందే తప్ప నేనుగా వదిలేదాన్ని కాదు. అలాంటిదాన్ని క్లినికల్ అండ్ కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీకి చేరితే, మధురానగర్‌లో మా అమ్మ ఒక్కటే మాట అన్నది: "ఎదుటోళ్ళు చెప్పేది వినే చదువంట గదా బిడ్డా, నీకెట్ల కుదురుతదే?"

కుదరలేదు. రెండో ఏడాది ప్రాక్టికల్స్ కోసం నన్ను పంపిన కౌన్సెలింగ్ సెంటరు మా గుడికి రెండు సందుల అవతలే. నా మొదటి క్లయింటు ఒక డబ్బింగ్ ఆర్టిస్టు, గోదావరి వైపు నుంచి వచ్చినావిడ. ఎంతమందో హీరోయిన్లకు గొంతిచ్చిన మనిషికి ఉన్నట్టుండి మైకు ముందు మాట రావడం మానేసింది. "ఈ సంగతి బయటికి పొక్కితే నన్నింకెవరూ పిలవరండీ," అంది. "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది," అని పాఠంలో నేర్పినట్టే మాటిచ్చాను. ఆ వెంటనే, పాఠంలో లేకపోయినా, గోత్రం కూడా అడిగి కేస్ షీటు మార్జిన్‌లో రాసుకున్నాను. అదీ వైద్యంలో భాగమే అనుకుని చెప్పేసింది పాపం. మూడు వారాలు గడిచాయి. మా సూపర్‌వైజర్ మేడమ్ నా సెషన్ల రికార్డింగులు విని, "ఇందులో క్లయింటు ఎవరమ్మా? మాట్లాడేదంతా నువ్వే, మధ్యలో శ్లోకాలు కూడా," అన్నారు. నా వల్ల కానిది పైవాడికి అప్పగిద్దామని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మా గుడిలో పేరు, గోత్రం, కోరిక చీటీ మీద రాసి పళ్ళెంలో వేస్తే, పారాయణ అయ్యాక పూజారిగారు ఒక్కో చీటీ మైకులో చదివి అర్చన చేస్తారు. ఎవరి కష్టమైనా నలుగురిలో చెప్పుకోవడం, నలుగురూ కలిసి దండం పెట్టడం, ఇదే నేను పెరిగిన పద్ధతి. కాబట్టి ఆవిడ పేరు, గోత్రం రాసి, కింద 'మైకు భయం పోవడానికి' అని కూడా రాసి చీటీ పళ్ళెంలో వేశాను. ఇచ్చిన మాట గుర్తే రాలేదు. గుర్తు చేసింది నా వెనక కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్న పెద్దమనిషి. "ఆఁ, డబ్బింగ్ ఇన్‌చార్జినే మాట్లాడుతున్నా. రేపు తొమ్మిదింటికి ఆ అమ్మాయి రావాలి," అంటూ నా క్లయింటు పేరే చెప్పాడు!

అప్పటికే పూజారిగారు చీటీ తీసి "కాశ్యప గోత్రోద్భవాయాః" అనేశారు. ఒక్క గెంతులో వెళ్ళి ఆయన చేతిలోంచి చీటీ లాక్కున్నాను.

"ఏమిటమ్మా ఇది!"

"పేరు తప్పు రాశానండీ. నాకే! ఆ భయం నాదే!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నా పేరు చెప్పి, "మైకు భయ నివారణార్థం" అని గుడంతా మారుమోగేలా చదివారు (మాది కాశ్యప గోత్రం కాదు, దేవుడు సర్దుకుంటాడనుకున్నాను). ఇన్నేళ్ళుగా నా గొంతు భరించిన ఆంటీలందరూ చుట్టూ మూగారు.

"మైకంటే భయమా? నీకా? గిదేం చోద్యం!"

"మిరియాల పాలు తాగమ్మా."

"జర లగ్గం చేస్తే గవన్నీ పోతయ్."

ఏమైందమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను ఇల్లు చేరేసరికి అమ్మకు ఏడు ఫోన్లు వచ్చాయి.

సోమవారం మేడమ్‌తో అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. "క్లయింటుకి నువ్వే చెప్పాలి. తను వద్దంటే కేసు ఆగిపోతుంది. అప్పుడు నీ ప్రాక్టికల్స్ కూడా మొదటికొస్తాయి," అన్నారు. చెప్పాను. క్లయింటు లేచి బ్యాగు భుజాన వేసుకుంది, మళ్ళీ కూర్చుంది. నాలుక చివర నాలుగు శ్లోకాలు తోసుకొస్తున్నా మింగేశాను.

"అందరూ విన్నాక మీకెలా అనిపించిందండీ?" అని అడిగింది చివరికి.

"సిగ్గేసింది. అబద్ధమని నాకు తెలుసు కదా, అయినా తల ఎత్తలేకపోయాను."

"నాది నిజమండీ," అంది ఆవిడ. ఆ తర్వాత ఆపకుండా చెప్పుకుంటూ పోయింది. ఏ రోజు ఏ డైలాగు దగ్గర మొదటిసారి గొంతు ఆగిందో, ఆ సాయంత్రం బోరబండలో గదికి ఎలా నడిచి వెళ్ళిందో అన్నీ చెప్పింది. నేను "ఊఁ" తప్ప ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ, "మళ్ళీ వారం ఇదే టైముకేనా అండీ?" అంది.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో నాకంటూ ఒక కౌన్సెలింగ్ గది ఉంది. శనివారాలు గుడికీ వెళ్తున్నాను. నా గదికి వచ్చినవాళ్ళ కోసం కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా దండం పెట్టుకుంటాను. అప్పుడప్పుడు, పూజారిగారి ముందు రొప్పుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "చెప్పమ్మా, ఏమైంది?" అని అడగాలనిపిస్తుంది.