సారు అంటే ఎవరు

మా ముత్తాతగారు పన్నెండు గ్రామాలకు జమీందారు. మా తాతగారు కచేరీకి ఏనుగు మీద వెళ్ళేవారు. మా నాన్నగారి నాటికి ఏనుగు లేదు గానీ, ఆయన దాని మీద కూర్చున్నట్టే నడిచేవారు. నేను బెంగళూరు కుందలహళ్ళిలో ఒక గది అద్దెకు తీసుకుని, వీధి చివరి మెస్సులో భోంచేస్తాను. మా వంశపు వెండి గ్లాసును సంచిలో పెట్టుకుని వెళతాను. స్టీలు గ్లాసులో నేను తాగను.

మెస్సు నడిపే ఆవిడ బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగుమనిషి. మనం చారు అనేదాన్ని ఆవిడ కన్నడిగుల్లాగే సారు అంటుంది. నన్నూ సారు అనే అంటుంది.

"సారూ, సారు పోసేదా?" అంటూ రోజూ నా గ్లాసు నింపుతుంది.

ఆవిడకు ఏడాదిన్నర కూతురు. ఒక మధ్యాహ్నం నేను గ్లాసు తీసి కూర్చోగానే నా వైపు వేలు చూపించి "సారు!" అంది. ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే. మా తాతగారి తరవాత మా వంశానికి అడగకుండా దక్కిన మొదటి వందనం కూడా అదే. వెన్ను మరికాస్త నిటారు చేశాను.

కాలేజీలో ఫిలాసఫీ చెప్పే నా పక్కగదాయన పప్పు కలుపుకుంటూ ఆ ముచ్చట చెడగొట్టాడు.

"మిమ్మల్నే అన్నదని ఎట్లా చెప్తారు సార్? మీరూ చారూ రోజూ కలిసే వస్తరు. పాప మనసులో ఉన్నది మీరా, చారా? ఒక తలపు ఒకదాన్నే చూపిస్తదని, పక్కదాన్ని కాదని ఎట్లా తేల్చాలె? మా సబ్జెక్టులో పెద్ద ప్రాబ్లమ్ ఇది."

"చారుకు మీసాలుండవు," అన్నాను.

"కరివేపాకు ఉంటది కద సార్."

తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. మర్నాడు పొద్దున, చారు ఇంకా పొయ్యెక్కకముందే, ఉత్త చేతులతో వెళ్ళి పిల్ల ఎదుట నిలబడ్డాను. గోడను చూసినట్టు చూసింది. మధ్యాహ్నం తలుపు వెనక దాక్కున్నాను. మా వంశంలో దాక్కున్నవాళ్ళు లేరు. చారు బకెట్టు వచ్చింది. పిల్ల నోరు విప్పలేదు.

"చూశారా, చారు కాదు!" అని బయటికొచ్చాను.

"మీరూ కాదు సార్."

"బిడ్డను ఏంటికప్పా అట్ల సతాయిస్తారు?" అని ఆవిడ మా ఇద్దరినీ కసిరింది. "కూర్చోండి, సారు చల్లారిపోతా ఉండాది."

"ఏ సారు?" అన్నాడు పక్కగదాయన.

నేను కూర్చుని గ్లాసు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ చారు పోసింది. "సారు!" అంది పిల్ల.

"మీరిద్దరూ కలిస్తేనే సారు," అని ఆయన తీర్పు చెప్పాడు. చారుతో పంచుకున్నా గౌరవం గౌరవమే అని సరిపెట్టుకున్నాను.

కిందటి వారం ఎప్పటిలాగే భోజనానికి వెళ్ళాను. నేనున్నాను, చారుంది. పిల్ల నా చేతులు చూసింది. సంచిలో తల పెట్టి చూసింది. బల్ల కిందికి వంగి చూసింది. చివరికి ఏడుపు మొహం పెట్టి నన్నే అడిగింది: "సారు?"

ఆ వెండి గ్లాసును అంతకుముందు రోజే అవెన్యూ రోడ్డులో అమ్మేశాను.