జీవాల దొనకు గేటు పెట్టినారు

మడకశిర నుంచి కర్ణాటక పక్కకు పోయే బస్సెక్కి బోడిగుట్టపల్లిలో దిగితే, ఊరి వెనకాల ఒక నల్లగుట్ట కనబడుతుంది. దాని నడుము మీద రెండు పెద్ద గుండ్ల సందులో, బండ తనంతట తానే గుంత పడి, అందులో వాన నీళ్ళు నిలుస్తాయి. చుట్టుపక్కల బోర్లన్నీ గాలి కక్కిన కరువేట కూడా ఆ గుంత అడుగున ఇన్ని నీళ్ళుండినాయి. ఊరోళ్ళు దాన్ని జీవాల దొన అంటారు. జీవాలంటే గొర్రెలు, మేకలు. అవి తాగే నీళ్ళు గనక ఆ పేరు. అంతకు మించి దానికి వేరే కథ లేదు.

మారెమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చిన తొలి ఎండాకాలమే ఆ దొనలోకి దిగింది. ఏటా వానలకు ముందు గొర్రెలున్న ఇళ్ళవాళ్ళంతా కలిసి దొనలో పూడిక తీస్తారు. "కొత్త పెండ్లికూతురివి, గట్టున కూచోమ్మా" అన్నారు పెద్దోళ్ళు. ఆమె కూచోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, మోకాళ్ళ లోతు బురదలోకి దిగి గంప ఎత్తింది. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల. మాట సగం కన్నడం, సగం తెలుగు. కోపమొస్తే రెండూ ఒకేసారి బయటికొచ్చేవి. మారెమ్మ తిడితే రెండు రాష్ట్రాల్లో వినబడుతుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. మొగుడు కుళ్ళాయప్ప కూడా నవ్వేవాడు. పంటలు వరసగా పోయినాక అతను బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయినాడు. పండగకో జాతరకో వచ్చిపోతాడు. ఇల్లూ మందా గుట్టా, అన్నీ మారెమ్మవే అయినాయి.

ఇంత మనిషి మూడేండ్ల కిందట ఒక పొద్దున, బైకు మీద వచ్చిన అభిలాష్ అనే పిల్లోడికి తానే దోవ చూపించింది. అతనిది అనంతపురం. ఎవరూ చూడని చోట్లు వెతికి వీడియోలు తీసి పెట్టడం అతని పని.

"అవ్వా, ఈ గుట్ట మీద చూసేదానికి ఏమన్నా ఉండాదా?"

"ఏముంటాది నాయనా, బండలుండాయి. దొన ఉండాది. దప్పికైతే రా, తాగి పోదువు."

తన సద్దిమూటలోని రాగిముద్ద తుంచి, చెనిక్కాయ ఊరిమిండి, అంటే వేరుశెనగ పచ్చడి, అద్ది అతని చేతిలో పెట్టింది. ఆ పిల్లోడు తిన్నాడు, బాగుందన్నాడు, ఫోను పైకెత్తి ఆ పక్కా ఈ పక్కా తిప్పుకున్నాడు, పోయినాడు.

వారం తిరక్కుండా పక్కింటి రేఖ ఫోను తెచ్చి చూపించింది. అందులో దొన నీలంగా మెరిసిపోతోంది. మారెమ్మ ముఖం కూడా ఒక్క క్షణం కనబడింది. వెనకనుంచి అభిలాష్ గొంతు చెబుతోంది: పెనుకొండ రాణులు పల్లకీల్లో వచ్చి జలకాలాడిన రహస్యపు కొలనట. ఏ మ్యాపులోనూ లేని స్వర్గమట. పేరు రాణీవారి కొలనట.

"ఏ రాణి వచ్చిందే ఈడికి?" అనింది మారెమ్మ. "ఆ గుండ్ల సందులో పల్లకీ పడతాదా? జీవాలే ఒకదాని తోక పట్టుకొని ఒకటి పోవాల!"

ఇద్దరూ విరగబడి నవ్వినారు. ఆ పొద్దు అది నవ్వులాటే.

తరువాత ఆదివారాలు మారిపోయినాయి. బెంగళూరు నుంచి కార్లు, గుంపులు గుంపులుగా బైకులు. వచ్చినవాళ్ళు దొనలో దూకినారు. సబ్బులు రుద్దుకున్నారు. గుండ్ల మీద పేర్లు రాసుకున్నారు. సీసాలు బండకేసి కొట్టినారు. మొదట్లో మారెమ్మ మెల్లగానే చెప్పింది. "అప్పా, జీవాలు తాగే నీళ్ళు. మీ ఊళ్ళో తాగే తొట్లో ఎవరన్నా దిగితే మీరు తాగుతారా?" వాళ్ళు సరే సరే అన్నారు. చెయ్యూపినారు. మళ్ళీ దూకినారు.

చూడి గొర్రె ఒకటి గాజుపెంకు తొక్కి డెక్క చీరుకుంది. దాన్ని భుజాల మీద వేసుకొని గుట్ట దిగింది మారెమ్మ. పసుపు పెట్టింది, డాక్టరుతో సూది వేయించింది. అయినా పుండు కుళ్ళి, కడుపులో పిల్లతో సహా ఆ గొర్రె పోయింది. దాన్ని పూడ్చి వచ్చిన మరుసటి ఆదివారం ఆమె దొన గట్టున నిలబడి నోరు తెరిచింది.

"మీ కాళ్ళిరగ! మీ నోట్లో మన్ను పొయ్య! నీళ్ళలో సబ్బు కలిపేదానికి మీకు చేతులెట్లొచ్చినాయిరా? మీ ఇంట్లో గంగమ్మను ఇట్లనే చూస్తారా?" కన్నడం, తెలుగు కలిసి రాళ్ళవానలా కురిసినాయి. నీళ్ళలో ఉన్నవాళ్ళు బట్టలు పట్టుకొని పరుగో పరుగు. మారెమ్మకు గుండె కొంచెం చల్లబడింది.

ఆ గుంపులో అభిలాష్ కూడా ఉండినాడని ఆమె గమనించలేదు. అతను ఎదురుగా వచ్చినాక గుర్తు పట్టింది.

"నువ్వే కదరా రాణి కత కట్టింది?"

"కోపం చేసుకోవద్దు అవ్వా. ఊరికి పేరొచ్చింది కదా!"

"పేరు తాగుతాయా నా జీవాలు?"

అతను ఒక అడుగు వెనక్కి వేసినాడు. ఫోను మాత్రం దించలేదు.

ఆ వీడియో మొదటిదానికంటే ఎక్కువ తిరిగింది. దానికి 'తిట్టే అవ్వ' అని పేరు పెట్టినాడు. ఆ తరువాతి ఆదివారం వచ్చినవాళ్ళు దొన కోసం వెతకలేదు, మారెమ్మ కోసం వెతికినారు. ఒక అమ్మాయి బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టి, "అవ్వా, మమ్మల్ని ఒక్కసారి తిట్టవా, ప్లీజ్" అనింది.

మారెమ్మకు మొదట అర్థం కాలేదు.

"ఎందుకు తిట్టల్ల? ఏం చేసినావు?"

"ఏం చేయలేదు. ఊరికే. ఆ కాళ్ళిరగ అనేది ఉంది కదా, అది."

అప్పుడు అర్థమైంది. ఒళ్ళంతా కారం పూసినట్లయింది. పొట్లం విసిరికొట్టి, నోటికొచ్చినట్లు తిట్టింది. ఆ తిట్టు నాటకం కాదు, కడుపులోనుంచి వచ్చింది. వాళ్ళు కేకలేసినారు, చప్పట్లు కొట్టినారు. ఒకడు "సూపరవ్వా, ఇంకోటి" అన్నాడు. ఆమె ఎంత తిడితే వాళ్ళకంత సంబరం. తిట్టు సగంలోనే ఆపేసింది. మందను మలుపుకొని ఇంటికొచ్చేసింది.

కుళ్ళాయప్పకు ఫోన్ చేసింది. "చచ్చిన గొర్రె మీద ఏడ్చి తిడితే నవ్వుతాండారు" అని చెప్పింది.  "ఈడ గేటు కాడ నేను మొరిగితే ఎవరూ నవ్వరు, ఎవరూ వినరు. ఆడ నీది అట్లయింది. ఇంగ తిట్టొద్దులే" అన్నాడు.

మరుసటి దినం నుంచి మారెమ్మ గుట్ట మీద నోరు విప్పలేదు. ఎవరేమడిగినా ముఖం తిప్పుకొని పోయేది. కోపం తగ్గి కాదు. తన కోపాన్ని కూడా చిలక్కొయ్యకు తగిలించి చూసేవాళ్ళకు అది ఇవ్వకూడదని.

గుట్ట కింద పొలం దివాకర్‌ది. ఊళ్ళో నలుగురు మాట వినే కుటుంబం. అతనికీ చెనిక్కాయ వరసగా ఎండింది, బోర్లు పోయినాయి. ఆదివారం కార్లు తన గట్టు వెంబడి నిలబడడం చూసి ఆ పొలంలో గుడారాలు వేసినాడు. దొనకు పోయే పాత బాట ఆ పొలంలోనుంచే పోతుంది. దానికి అడ్డంగా ఇనుప గేటు పెట్టినాడు. గేటు పైన రాణీవారి కొలను అని బోర్డు. కింద ఇంకో చిన్న బోర్డు: పశువులకు ప్రవేశం లేదు.

మారెమ్మకు చదువు రాదు. రేఖ చదివి చెప్పింది. నేరుగా దివాకర్ దగ్గరికి పోయింది. ఎన్నో దినాలకు నోరు తెరిచింది.

"దివాకరప్పా, బాట మూసినావే?"

"బాటెక్కడిది మారెక్కా? అది నా పట్టా పొలం. ఇన్నేండ్లూ మంచితనంగా విడిచినా."

"దొన నీ పట్టాలో లేదు కదప్పా."

"లేదు. దాన్ని నేనేమన్నా మూట కట్టుకొని పోతానా? జీవాలను తూర్పు పక్కనుంచి తోలుకో. వచ్చేవాళ్ళు పెంట వాసనంటాండారు." కొంచెం దగ్గరికొచ్చి గొంతు తగ్గించినాడు. "ఇంకోటి చెప్తా, కాదనొద్దు. కంబళి కప్పుకొని గేటు కాడ నిలబడు. వచ్చినోళ్ళను నాలుగు తిట్లు తిట్టు, చాలు. నెల జీతమిస్తా. నీ కోసమే వస్తాండారు సగంమంది."

మారెమ్మ అతని ముఖంలోకి చూసింది. వేరే ఊరోడైతే తెలీక అన్నాడనుకునేది. ఇతను ఎండ తెలిసినోడు. పైరు మాడిన వాసన తెలిసినోడు. అందుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమక్కా, నోరు పడిపోయిందా?" అన్నాడు దివాకర్.

ఆమె వెనక్కి తిరిగి నడిచింది.

తూర్పు పక్క నిటారు బండ. గొర్రెలు జారుతూ ఎక్కినాయి. ఒక పిల్ల పడి కాలు విరిగింది. అయినా తోలింది, వేరే దారి లేదు. ఎండలు ముదిరినాయి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మందతో పైకెక్కి చూసేసరికి దొనలో నీళ్ళు లేవు. పచ్చటి పాకుడు, అందులో కొట్టుకుంటున్న కప్పలు. గట్టున ఒక మోటారు, దాన్నుంచి నల్ల పైపు గుట్ట కిందికి పోయింది. కింద గుడారాల మధ్య కొత్తగా కట్టిన నీలం రంగు ఈతతొట్టి కనబడింది. అందులో పిల్లా పెద్దా నీళ్ళు చల్లుకుంటూ అరుస్తున్నారు. గొర్రెలు దొనలోకి దిగి తడి బండను నాకినాయి. కొన్ని ఆమె ముఖంలోకి చూసి అరిచినాయి.

మారెమ్మ కొమ్మలు కొట్టే కొడవలి తీసింది. మోటారు కాడ మొదటి వేటు వేసింది. అక్కడినుంచి పైపు వెంబడి కిందికి దిగుతూ, బారకొక చోట కోసుకుంటూ వచ్చింది. గుడారాల దగ్గరికొచ్చేసరికి జనం గుర్తుపట్టినారు. "తిట్టే అవ్వ వచ్చింది రోయ్!" అని ఫోన్లు లేచినాయి. "తిట్టవ్వా, తిట్టు!" ఆమె తలెత్తలేదు. పైపు మీద కొడవలి పడిన చప్పుడు తప్ప వాళ్ళ ఫోన్లలో ఏమీ పడలేదు. మెల్లగా వాళ్ళ కేకలు తగ్గినాయి. ఒకామె బిడ్డను నీళ్ళలోనుంచి పైకి తీసుకుంది. ఫోన్లు ఒకటొకటే దిగినాయి.

దివాకర్ పరుగెత్తుకొచ్చినాడు. "మారెక్కా! పిచ్చి పట్టిందా నీకు?"

ఆమె తొట్టి అంచున చివరి ముక్క కోసి, కొడవలి అతని కాళ్ళ ముందర పారేసి, అక్కడే నేల మీద కూచుంది.

స్టేషన్లో ఎస్సై అడిగినాడు. "పైపు ఎవరు కోసినారు?"

"నేనే."

"ఎవరు కోయమన్నారు?"

"జీవాలు."

ఎస్సై నవ్వబోయి, ఆమె కండ్లు చూసి ఆగినాడు. కేసు రాసి పంపించినాడు.

ఊరు అన్నాళ్ళూ ఊరికే ఉండింది. దివాకర్‌తో ఎవరికి ఏ అవసరం పడుతుందోనని అందరికీ భయం. కానీ మారెమ్మ స్టేషన్ నుంచి ఒక్కతే నడిచి రావడం చూసినాక గొర్రెలున్న ఇళ్ళల్లో ఎవరికీ అన్నం దిగలేదు. తెల్లారి ఆదివారం. ఊళ్ళో మందలన్నీ ఒకటిగా పాత బాట పట్టినాయి. గేటు తాళం ఎవరో బండరాయితో కొట్టినారు. ఎవరని అడిగితే ఈ పొద్దుకీ చెప్పరు. వెనకొచ్చిన కార్లు గొర్రెల మధ్య ఇరుక్కొని హారన్లు కొట్టినాయి. హారన్లు విని గొర్రెలు ఇంకా అడ్డం తిరిగినాయి. దివాకర్ గుడారం ముందర నిలబడి చూసినాడు. అడ్డం రాలేదు. సాయంత్రానికి మోటారు దించేసినాడు. కేసు మాత్రం వెనక్కి తీసుకోలేదు. "పరువు పోయింది నాది" అన్నాడట.

రాకపోకలు దాంతో ఆగలేదు, వేరే కారణంతో ఆగినాయి. అందరూ చూసిన చోటు ఎవరికీ వద్దు. గోరంట్ల పక్క ఇంకేదో వాగు ఉందని అభిలాష్ చూపించినాడు, కార్లు అటు తిరిగినాయి. ఆషాఢం గాలికి గుడారాలు చినిగినాయి. దొనలో మారెమ్మ వాళ్ళు పూడిక తీస్తే మన్నుకంటే ఎక్కువ ప్లాస్టిక్ వచ్చింది. రేఖ అరచేతికి గాజు దిగింది. గుండ్ల మీద పేర్లను ఎంత రుద్దినా పోలేదు.

మడకశిర కోర్టులో వాయిదాలు పడుతూనే ఉన్నాయి. మారెమ్మ తరఫున హేమలత అనే లాయరమ్మ నిలబడింది. మంచి మనిషి. "అవ్వా, నేను నేరం ఒప్పుకోను అని ఒక్క మాట చెప్పు చాలు, చూసుకుంటా" అని నచ్చజెప్పింది. బోనెక్కినాక జడ్జి అడిగినాడు. "నేనే కోసినాను సామీ" అనింది మారెమ్మ. హేమలత తల పట్టుకుంది. జడ్జి ఇంకో వాయిదా వేసినాడు.

బయట వేపచెట్టు కింద బస్సు కోసం నిలబడినప్పుడు లాయరమ్మ విసుక్కుంది. "ఇంత కోపమైతే ఎట్లవ్వా? మోటారు తీసేసినారు, వచ్చేవాళ్ళు రావడం లేదు. ఇంకా తగ్గదా నీకు?"

"తగ్గితే మళ్ళా పైపేస్తారు తల్లీ."

బస్సొచ్చింది. సీటు లేదు. మారెమ్మ కంబళి భుజాన వేసుకొని, రాడ్డు పట్టుకొని, ఊరొచ్చేదాకా నిలబడే పోయింది.